సిగ్నల్ దగ్గర బండి ఎలా ఆపాలి, ఆగాక ఎలా ఉండాలి, ఎలా కదలాలి

"మామయ్యా, రెడ్ పడ్డాక న్యూట్రల్ చెయ్యాలా, గేర్లోనే ఉంచాలా?"

మా అక్క కూతురు బండి నేర్చుకున్న కొత్తలో అడిగింది ఈ మాట. తర్వాత ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలు అడిగారు, పక్క పోర్షన్ ఆయన అడిగారు, పోయిన నెల కూరగాయల బండి దగ్గర ఒకమ్మాయి హెల్మెట్ చేతికి తగిలించుకుని నిలబడి ఇదే అడిగింది. ఎవరికి వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. ఈసారి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

లైసెన్సు టెస్టులో ఎనిమిది అంకె వేయిస్తారు. సిగ్నల్ దగ్గర ఎక్కడ నిలబడాలో, ఏ కాలు కింద పెట్టాలో, గ్రీన్ పడ్డాక ఎటు చూడాలో ఎవరూ నేర్పరు. దాంతో రెడ్ కనపడగానే చాలామందికి బండి నడపడం అయిపోయినట్టే. భుజాలు వదులవుతాయి, చెయ్యి జేబులోని ఫోను మీదికి పోతుంది. నేను కూకట్‌పల్లి నుంచి పంజగుట్ట దాకా పదహారేళ్లుగా రోజూ తిరుగుతున్నాను. నాకు తెలిసినంతలో ఆగే ముందు పది సెకన్లు, ఆగి ఉన్న మొదటి ఐదు సెకన్లు, కదిలిన తర్వాత మూడు సెకన్లు, ఈ మూడు చోట్లే మనిషి మెలకువగా ఉండాల్సింది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. కాస్త ఓపికగా చదవండి.

ముందుగా కావలసినవి

- ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్. వెనక ఐఎస్ 4151 అని ఉందో లేదో చూడండి. 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మడానికే వీల్లేదు. అయినా ఫుట్‌పాత్ మీద పుచ్చకాయల్లా పేర్చి అమ్ముతూనే ఉన్నారు, కొనకండి. పెట్టుకుని పట్టీ బిగించాక వెనక అంచు పట్టుకుని ముందుకు లాగండి. ఊడి చేతికొస్తే అది మీ సైజు కాదు.
- రెండు అద్దాలు. రెండూ అంటే రెండూ. ఎడమ అద్దం తీసేసి తిరిగేవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో.
- పనిచేసే బ్రేక్ లైటు.
- గాలి సరిగా ఉన్న టైర్లు. టైరు పక్కన టీడబ్ల్యూఐ అని చిన్న అక్షరాలుంటాయి. దానికి ఎదురుగా గాడిలో చిన్న దిమ్మ ఉంటుంది. టైరు అరిగి ఆ దిమ్మతో సమానమైతే మార్చేయండి.
- వేళ్లు కప్పే బూట్లో, మడమకు పట్టీ ఉన్న చెప్పులో. హవాయి చెప్పులతో బండి ఆపితే కాలు పెట్టిన చోట చెప్పు జారుతుంది, దాంతోపాటే బండీ ఒరుగుతుంది.
- హెల్మెట్‌కు పారదర్శకమైన అద్దం. నల్ల అద్దం పగలు బాగుంటుంది, రాత్రి దానితో తిరగకూడదు.

వెనక కూర్చునేవాళ్లకూ హెల్మెట్ కావాలి. నాలుగేళ్లలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే, తొమ్మిది నెలలు దాటిన ప్రతి బిడ్డకూ తలకు సరిపోయే హెల్మెట్, మిమ్మల్నీ బిడ్డనూ కలిపి కట్టే పట్టీ ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన ఉంది. పిల్లల్ని పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టుకునే అలవాటుంటే ఈ రోజే మానేయండి.

1. సిగ్నల్ కనపడగానే యాక్సిలరేటర్ వదలండి

దూరం నుంచి గ్రీన్ కనపడితే మన చెయ్యి దానంతటదే మెలి తిరుగుతుంది, "దొరికితే దాటేద్దాం" అని. ఆ చేతిని ఆపడమే మొదటి పాఠం. మీరు చూసేసరికే గ్రీన్ ఉందంటే అది ఎప్పుడు పడిందో మీకు తెలియదు. ఇంకో క్షణంలో ఎల్లో పడుతుందనే అనుకోండి. వంద మీటర్ల దూరంలో ఉండగానే యాక్సిలరేటర్ వదిలి, ఒక్కసారి కుడి అద్దం, ఒక్కసారి ఎడమ అద్దం చూడండి. వెనక ఏం వస్తోంది, ఎంత దగ్గరగా వస్తోంది అన్నది బ్రేకు వేయక ముందే తెలిసి ఉండాలి.

ఒక లెక్క గుర్తుంచుకోండి చాలు. 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. దాదాపు ఒక ఆర్టీసీ బస్సు పొడవు. ఒక్క సెకను పక్కకు చూస్తే ఒక బస్సు పొడవు రోడ్డును మీరు చూడకుండా దాటినట్టే.

2. ఎల్లో పడితే ఏం చేయాలో ముందే తేల్చుకోండి

ఎల్లో పడ్డాక ఆలోచన మొదలుపెడితే సగం బ్రేకు, సగం యాక్సిలరేటర్ అవుతుంది. బండి జంక్షన్ నడిమధ్యలో ఇరుక్కుంటుంది. నేను పాటించేది ఇది: గట్టిగా తొక్కకుండా స్టాప్ లైను వెనక ఆగగలిగితే ఆగుతాను. ముందు చక్రం అప్పటికే లైను దగ్గరికి వచ్చేసి, వెనక బస్సో లారీనో అంటుకుని వస్తుంటే, ఉన్న వేగంతోనే దాటిపోతాను. వేగం పెంచడం మాత్రం ఎప్పుడూ ఉండదు. ఎల్లోలో వేగం పెంచిన బండికీ, అవతలి రోడ్డులో రెడ్ ఇంకా రెండు సెకన్లుందనగానే కదిలిన బండికీ జంక్షన్‌లో ఒకే చోట పని పడుతుంది.

3. రెండు బ్రేకులూ కలిపి, నొక్కుతూ వేయండి

"ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతావు" అని చిన్నప్పుడు సైకిలు నేర్పినవాళ్లు చెప్పిన మాట మనలో చాలామందికి ఇంకా చెవిలోనే ఉంది. అందుకే వెనక బ్రేకు ఒక్కటే తొక్కి బండిని పక్కకు జార్చుకుంటారు. బండి ఆగేటప్పుడు బరువు ముందు చక్రం మీదికి వస్తుంది, కాబట్టి ఆపే బలం ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఎలా వేయాలంటే:

- హ్యాండిల్ నిటారుగా ఉండాలి. తిప్పి ఉన్నప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టుకోవద్దు.
- నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బిగించుకుంటూ పోండి. ఒక్కసారిగా గుంజవద్దు.
- గేర్ల బండి అయితే ఆగే లోపే ఒక్కొక్కటిగా దించుతూ ఫస్టుకు రండి. గేరు మార్చేటప్పుడు తప్ప క్లచ్ చివర్లోనే పట్టండి. ముందే క్లచ్ పట్టేస్తే ఇంజను ఇచ్చే సాయం పోతుంది.
- పూర్తిగా ఆగే ముందు బ్రేకును రెండు మూడు సార్లు తేలిగ్గా వదిలి పట్టండి. వెనక లైటు మిణుకుమంటుంది. వెనకవాడికి "నేను ఆగుతున్నాను" అని చెప్పే మాట అదొక్కటే.

2019 ఏప్రిల్ నుంచి అమ్మిన బండ్లలో 125 సీసీ దాటినవాటికి ఏబీఎస్ (గట్టి బ్రేకుకు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు), ఆ లోపువాటికి కనీసం సీబీఎస్ ఉంటుంది. సీబీఎస్ ఉంటే ఒక బ్రేకు నొక్కినా రెండో చక్రానికి కొంత పడుతుంది. ఆ కొంత చాలదు, ముందు లీవరు కూడా వాడాల్సిందే. ఏబీఎస్ ఉన్న బండిలో గట్టిగా పట్టినప్పుడు లీవరు టకటకా కొడుతుంది. భయపడి వదిలేయకండి, అది పనిచేస్తోందనే దానికి గుర్తు.

వాన రోజుల్లో ఇవన్నీ ముందే మొదలుపెట్టండి. తొలి వాన పడిన అరగంట మరీ చెడ్డది. రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి సబ్బు నీళ్లలా అవుతాయి. జీబ్రా గీతల తెల్ల రంగు, మ్యాన్‌హోల్ మూతలు తడిస్తే ఇంకా జారుడు. బ్రేకు వాటికి ముందే వేసేయండి, చక్రం వాటి మీద ఉన్నప్పుడు వద్దు.

4. ఎక్కడ ఆగాలి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, ఎవరూ పట్టించుకోనిదీ ఇదే.

స్టాప్ లైను వెనక ఆగాలని అందరికీ తెలుసు. జీబ్రా మీదికి వెళ్లి నిలబడితే నడిచేవాళ్లు మీ బండి ముందు నుంచి చుట్టూ తిరిగి, కదులుతున్న బండ్ల మధ్యలోకి పోవాలి. ఒక పెద్దావిడ చేతిలో సంచితో అలా దారి వెతుక్కోవడం చూశాక, వెనకాల ఎంత హారన్ కొట్టినా నేను లైను దాటను.

ముందు కారుంటే దాని వెనక సరిగ్గా మధ్యలో ఆగవద్దు. వెనక నుంచి ఎవరైనా గుద్దితే ఆ రెంటి మధ్యా మీరే ఇరుకుతారు. కారు కుడి మూలకో ఎడమ మూలకో ఎదురుగా ఆగండి, ముందు చక్రాన్ని కాస్త ఖాళీ వైపు తిప్పి పెట్టండి. దూరం ఎంతంటారా? మీ సీటు మీద నుంచి చూస్తే ముందు కారు వెనక టైరు నేలను తాకే చోటు కనపడాలి. అది కనపడితే పక్కకు తప్పుకునే జాగా ఉన్నట్టు. ఇంకో సంగతి, లేన్ నడిమధ్యలోనే బండ్ల నూనె చుక్కలు పడి నల్లగా చారలా ఉంటుంది. కాలు అక్కడ పెడితే జారుతుంది. దానికి కాస్త పక్కకు ఆగితే రెండూ కలిసొస్తాయి.

ఇక బస్సులు, లారీలు, టిప్పర్లు. వాటి ఎడమ పక్కన, ఫుట్‌పాత్‌కూ వాటికీ మధ్య సందులో ఎప్పుడూ ఆగకండి. డ్రైవరు కుడివైపు ఎత్తులో కూర్చుంటాడు. ఎడమ వైపు కింద నిలబడిన మీ హెల్మెట్ ఆయనకు కనపడదు. పొడవాటి బండి ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం మిమ్మల్ని దాటిపోయింది కదా అనుకునేసరికి వెనక చక్రం మీ కాలి దగ్గర ఉంటుంది. లారీ బంపరుకు ఆనుకుని ముందు నిలబడటమూ అంతే ప్రమాదం, ఆ కాస్త జాగా పై నుంచి కనపడదు.

తప్పనిసరై పెద్ద బండి పక్కనే ఇరుక్కుంటే? దాని అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనపడుతోందా చూడండి. కనపడకపోతే మీరూ ఆయనకు కనపడట్లేదు. గ్రీన్ పడగానే ముందుకు దూకకుండా దాన్నే పోనివ్వండి, వెనక చక్రం దాటాక కదలండి.

లెఫ్ట్ ఫ్రీ ఉన్నచోట నేరుగా పోవాల్సినవాళ్లు ఎడమ కొసన ఆగితే వెనక అంబులెన్సు ఉన్నా కదలలేదు. నేరుగా పోయేవాళ్లు మధ్యలోనే ఉండండి.

5. ఎడమ కాలు కింద, కుడి కాలు బ్రేకు మీద

గేర్ల బండి ఆగాక రెండు కాళ్లూ కింద పెట్టే అలవాటు చాలామందికి ఉంది. కుడి కాలు కింద పెడితే వెనక బ్రేకు వదిలేసినట్టే. ముందు లీవరూ పట్టుకోకపోతే లైటు ఆరిపోతుంది, వెనక నుంచి వచ్చేవాడికి మీరు ఆగి ఉన్నారో కదులుతున్నారో తెలియదు. ఎడమ కాలు పాదం మొత్తం ఆనించి, కుడి కాలు బ్రేకు మీదే ఉంచండి. పొట్టిగా ఉన్నవాళ్లు సీటు మీద కాస్త ఎడమకు జరిగితే పాదం బాగా ఆనుతుంది. మా అక్క కూతురికి ఇదే కుదరలేదు, చివరికి మెకానిక్‌తో సీటు ఫోమ్ కొద్దిగా తగ్గించుకుంది. కాలు పెట్టే ముందు అక్కడ ఇసుకా, గుంతా, నీళ్లా అని ఒక చూపు వేయండి.

స్కూటరైతే బ్రేకు లీవరు చేత్తో పట్టే ఉంచండి. ఎలక్ట్రిక్ స్కూటరైతే ఇంకాస్త జాగ్రత్త కావాలి. శబ్దం ఉండదు కాబట్టి ఆగి ఉన్న బండి ఆఫ్‌లో ఉన్నట్టే అనిపిస్తుంది. పక్కవాడితో మాట్లాడుతూ, సంచి సర్దుకుంటూ చెయ్యి కాస్త తిరిగిందా, ఉన్న చోటు నుంచి ఎగిరి ముందు బండిని గుద్దుతుంది. ఆగినప్పుడు కుడి చెయ్యి లీవరు మీదే ఉండాలి. పార్క్ బటన్ ఉన్న బండి అయితే ఎక్కువసేపు ఆగినప్పుడు అది నొక్కండి.

ఫ్లైఓవర్ ఎక్కే చోట వాలు మీద ఆగితే వెనక బ్రేకు పట్టి ఉంచుకుని, కదిలేటప్పుడు క్లచ్ పట్టు దొరికాకే బ్రేకు వదలండి. లేదంటే బండి వెనక్కి జారి వెనకవాళ్ల మీదికి పోతుంది.

6. వెనక బండి ఆగేదాకా గేర్లోనే ఉండండి

ఇదే మా అక్క కూతురి ప్రశ్నకు జవాబు. ఆగగానే న్యూట్రల్ వద్దు. ఫస్టు గేరు, క్లచ్ పట్టి, చూపు అద్దంలో. మీ వెనక కనీసం ఒక బండి పూర్తిగా ఆగాక న్యూట్రల్ చేసుకోండి.

ఎందుకంత పట్టుబట్టి చెబుతున్నానంటే, పన్నెండేళ్ల కింద ఎర్రగడ్డ దాటాక ఒక సిగ్నల్లో నేను ఆగీ ఆగగానే న్యూట్రల్ చేసి, జేబులోంచి ఫోను తీశాను. వెనక టైర్ల కీచుమన్న చప్పుడు విని తలెత్తేసరికే ఒక కారు నా వెనక మడ్‌గార్డును తాకింది. బండి ముందుకు పోయి ముందున్న ఆటో కడ్డీకి నా ఎడమ మోకాలు కొట్టుకుంది. మూడు వారాలు మెట్లెక్కలేకపోయాను. ఆ రోజు నా కుడి పక్కన ఒక బండి పట్టేంత ఖాళీ ఉంది. గేర్లో ఉండి అద్దం చూసుంటే రెండు సెకన్లలో అక్కడికి జరిగేవాణ్ణి. ఆ ఖాళీ ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టు ఉంటుంది.

కాబట్టి ఆగేటప్పుడే "వెనక నుంచి వస్తే ఎటు పోతాను?" అని ఒక దారి చూసి పెట్టుకోండి. వెనక వరుసలో చివరి బండి మీదైనప్పుడు, రాత్రిళ్లు, వానలో ఇది మరీ అవసరం.

వెనక రెండు వరుసలు నిలిచాక ఇక ఊపిరి పీల్చుకోవచ్చు. టైమరు 30 సెకన్లకు మించి చూపిస్తుంటే ఇంజను ఆపేయండి. పది సెకన్లు ఉందనగా స్టార్టు చేసి గేరు వేసి సిద్ధంగా ఉండండి. గ్రీన్ పడ్డాక కిక్కు కొట్టేవాళ్ల వెనక ఎంత గందరగోళమో మీరూ చూసే ఉంటారు.

7. ఆగి ఉన్నప్పుడు చేయాల్సిన రెండు పనులు

వెనక కూర్చున్నవాళ్ల చీర కొంగు, చున్నీ చక్రం వైపు వేలాడుతున్నాయేమో చూసి సర్దమని చెప్పండి. పక్కకు తిరిగి కూర్చునేవాళ్లుంటే చీర గార్డు తీసేయించి ఉండకూడదు. రెండోది, ఇండికేటరు. గ్రీన్ పడ్డాక వేస్తే ఎవరికీ ఉపయోగం లేదు, ఆగి ఉన్నప్పుడే వేసి ఉంచండి.

ఫోను ముట్టుకోవద్దు. హెల్మెట్‌లో చెవి దగ్గర ఇరికించుకుని మాట్లాడటం అసలే వద్దు. దారి చూడాలంటే బయల్దేరే ముందే పెట్టుకుని, ఒక చెవిలో మాట వినపడేలా ఉంచితే సరిపోతుంది.

8. గ్రీన్ పడ్డాక రెండు లెక్కపెట్టండి

మొదటి వరుసలో మీరుంటే గ్రీన్ పడగానే కదలకండి. ఒకటీ... రెండూ... అని మనసులో నిదానంగా అనుకుంటూ కుడి, ఎడమ, మళ్లీ కుడి చూడండి. మన రోడ్ల మీద అడ్డంగా వచ్చే బండి ముందు తగిలేది కుడి వైపు నుంచే, అందుకే కుడి రెండుసార్లు. అవతలి రోడ్డులో ఎల్లో చూసి వేగం పెంచినవాడు ఆ రెండు సెకన్లలోనే వస్తాడు.

వెనక నుంచి హారన్లు మోగుతాయి, మోగనివ్వండి. రెండు సెకన్లకు ఎవరి ఆఫీసూ మూతపడదు.

కుడి పక్కన కారు ఉంటే అది కదిలాక, దాని ముందు తలుపుకు సమానంగా కదలండి, దాన్ని మించిపోవద్దు. కుడి నుంచి ఎవడైనా దూసుకొస్తే మీకూ వాడికీ మధ్య ఆ కారుంటుంది. జంక్షన్ దాటాక మాత్రం కారు పక్కనే ఉండిపోకండి, ముందుకో వెనక్కో జరగండి.

మీ ఎడమ పక్క బండి హఠాత్తుగా కుడికి తిరగడం, కుడి పక్కది ఎడమకు తిరగడం ఇక్కడ మామూలే. దాని ముందు చక్రం చూడండి. ఇండికేటరు అబద్ధం చెప్పినా చక్రం చెప్పదు. ఎదురుగా కుడికి తిరగడానికి కాచుకున్న కారుంటే దాని చక్రం మీద కూడా ఒక కన్ను ఉంచండి.

9. రెండు సిగ్నళ్ల మధ్య

ముందు బండి ఒక స్తంభం దాటినప్పటి నుంచి మీరు దాటేదాకా రెండు సెకన్లు ఉండేలా చూసుకోండి. వానలో నాలుగు. ఆ ఖాళీలో ఎవరో దూరతారు. దూరనిచ్చి మళ్లీ ఖాళీ చేసుకోండి.

వీటిని చూడగానే బ్రేకు మీద వేళ్లు పెట్టండి: ఖాళీ ఆటో (రోడ్డు పక్కన చెయ్యెత్తిన మనిషి కనపడగానే ఎడమకు కోస్తుంది), స్టాపులో నుంచి బయటికొచ్చే బస్సు, ఆపి ఉన్న కారులో కనపడే తలకాయ (తలుపు తెరుచుకోవచ్చు, ఒక తలుపు వెడల్పు దూరంగా పోండి), యూటర్న్ దగ్గర రాంగ్ రూటులో ఎదురొచ్చే బండి, మెట్రో పిల్లర్ల చాటు. అమీర్‌పేట, ఎర్రగడ్డ వైపు పిల్లర్ల పక్క నుంచి పోయేటప్పుడు నేను ప్రతి పిల్లర్ వెనకా ఒక మనిషి ఉన్నాడనే అనుకుంటాను. నాలుగైదు సార్లు నిజంగానే ఉన్నారు.

ఆగి ఉన్న బండ్ల సందుల్లోంచి ముందుకు పోవడం మానేయమంటే ఎవరూ మానరని నాకు తెలుసు. పోతే నడక కన్నా కాస్త ఎక్కువ వేగంతోనే పోండి. బండ్లు కదలడం మొదలవగానే మీరున్న చోట వరుసలో కలిసిపోండి. కదిలే రెండు బస్సుల మధ్యకు మాత్రం ఏ తొందరలోనూ వద్దు.

సంక్రాంతి ముందు వారం పది రోజులు మెడకు మందపాటి గుడ్డ చుట్టుకుని, హెల్మెట్ అద్దం దించి వెళ్లండి. గాలిపటాలకు కట్టే చైనా మాంజాను 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ దేశమంతా నిషేధించింది, అయినా ఫ్లైఓవర్ల మీద మెడకు తగులుతూనే ఉంది. ఆ రోజుల్లో ఫ్లైఓవర్ మీద 30 దాటవద్దు.

ఎక్కువమంది చేసే తప్పులు

టైమరునే చూడటం. అంకె సున్నా అయితే రోడ్డు ఖాళీ అయినట్టు కాదు. మీ చూపు చివరి ఐదు సెకన్లలో టైమరు మీద నుంచి రోడ్డు మీదికి రావాలి.

గుంతను చూస్తూ గుంతలోకే పోవడం. కళ్లు ఎటుంటే బండి అటే పోతుంది. తప్పించాలనుకున్నదాన్ని ఒకసారి చూసి, చూపు పక్కనున్న ఖాళీ దారి మీదికి మళ్లించండి.

హెల్మెట్ పెట్టి పట్టీ వదిలేయడం. చలానా కెమెరాకు అది చాలొచ్చు, పడ్డప్పుడు తల కన్నా ముందు హెల్మెట్టే ఎగిరిపోతుంది. సిగ్నల్లో పక్కవాళ్ల పట్టీ వేలాడుతుంటే నేను నా గడ్డం కింద వేలుపెట్టి చూపిస్తాను. చాలామంది నవ్వి పెట్టుకుంటారు.

బ్రేకు వేయడం ఆలస్యమై, ఆగలేక పక్కకు తిప్పడం. ఇక్కడ ఎక్కువగా పడేది పక్కన వస్తున్న ఇంకో టూవీలరు. తిప్పే ముందు అద్దం చూసే సమయం ఉండదు. అందుకే మొదటి మెట్టులో యాక్సిలరేటర్ వదలమన్నది.

పక్కన ఎవరైనా పడితే 108కి ఫోను చేయండి, హెల్మెట్ లాగి తీయవద్దు, వెనక బండ్లను ఆపండి. సాయం చేసినవాళ్ల మీద కేసు పెట్టకుండా 2019లో మోటారు వాహనాల చట్టంలో రక్షణ కూడా చేర్చారు. ఆ భయంతో ముఖం తిప్పుకుని పోవద్దు.

సరిగా చేస్తున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి

బ్రేక్ లైటుకు: రాత్రి ఇంటి గోడకు వెనక చక్రం ఆనేలా బండి నిలిపి, ముందు లీవరు ఒకసారి, వెనకది ఒకసారి పట్టండి. రెండింటికీ గోడ మీద ఎర్ర వెలుగు పెరగాలి. ఒకదానికే పెరిగితే రెండో దాని స్విచ్చు పోయింది. మెకానిక్‌కు చిన్న పని అది.

అద్దాలకు: మామూలుగా కూర్చుని చూస్తే మీ భుజం అంచు కొద్దిగా, మిగతాదంతా వెనక రోడ్డు కనపడాలి. సగం అద్దంలో మీ మోచెయ్యే ఉంటే బయటికి తిప్పండి.

బ్రేకుకు: ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండులోనో కొత్త లేఅవుట్ రోడ్డు మీదో సుద్దతో గీత గీయండి. 30 వేగంతో వచ్చి గీత దగ్గర రెండు బ్రేకులూ మొదలుపెట్టి, ఎక్కడ ఆగారో అంగలతో కొలవండి. పొడి రోడ్డు మీద పది అంగల లోపు, చక్రం జారకుండా, హ్యాండిల్ వంకర పోకుండా ఆగాలి. మొదటిసారి పదిహేను వస్తుంది. కంగారేం లేదు, అయిదారు సార్లు చేస్తే తగ్గుతుంది. వెనక చక్రం గీసుకుపోతుంటే వెనక బ్రేకు ఎక్కువ, ముందుది తక్కువ వేస్తున్నట్టు. నెలకోసారి, టైర్లు మార్చినప్పుడు, కొత్త బండి కొన్నప్పుడు మళ్లీ చేయండి.

చూపుకు: సిగ్నల్లో ఆగినప్పుడల్లా, తల తిప్పకుండా, "నా వెనక ఉన్నది ఏ బండి, ఏ రంగు?" అని మిమ్మల్ని మీరే అడగండి. చెప్పలేకపోతే అద్దం చూడకుండానే ఆగినట్టు. వారం రోజులు అడుగుతూ ఉంటే ఆ తర్వాత కళ్లు అడగకుండానే అటు పోతాయి.

అన్నిటికన్నా తేలికైన పరీక్ష వెనక కూర్చున్నవాళ్ల హెల్మెట్. మీరు ఆపినప్పుడల్లా అది వచ్చి మీ హెల్మెట్‌కు టక్కుమని తగులుతోందంటే మీరు ఆలస్యంగా, గట్టిగా బ్రేకు వేస్తున్నారు. మా అక్క కూతురు నన్ను వెనక కూర్చోబెట్టుకుని మూసాపేట నుంచి పంజగుట్ట దాకా తీసుకెళ్లిన మొదటిసారి పదకొండు సార్లు తగిలింది. నెల తర్వాత అదే దారిలో రెండుసార్లే తగిలింది, ఆ రెండూ అడ్డంగా వచ్చిన ఆటోల వల్ల.